తెలిసినవారికి దరఖాస్తు

పరాయి ఊరిలోని కార్యాలయమునకు ఉద్యోగము కొరకు దరఖాస్తు పంపునపుడు మనమెంతటి శ్రద్ధ వహింతుమో అందరికిని తెలిసినదే. మంచి కాగితము వెదకుదుము. చిత్తుప్రతి వ్రాసికొందుము. భాష తెలిసిన మాస్టారు గారినో, ఎరుగుదురైన అన్నగారినో ఆశ్రయించి తప్పులు దిద్దించుకొందుము. కాని తాము పనిచేయుచున్న చోటనే ఒక మెట్టు పైనున్న ఉద్యోగము ఖాళీయైనపుడు మాత్రము మనవారు కలము పట్టరు. "ఇక్కడ నన్నెరుగని వారెవరు? క్రొత్తగా వ్రాయవలసినది ఏమున్నది?" అందురు. ఈ ఒక్క మాటను నమ్ముకొని, తగిన అర్హతయుండియు ఉన్నచోటనే ఉండిపోయినవారిని మన పటమటలోనే మేము పలువురిని చూచితిమి. అందుచేత ఈ విషయమును విద్యార్థి సోదర సోదరీమణుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచ సాహసించుచున్నాము.

ముందుగా మేమెరిగిన ఒక పెద్దమనిషి సంగతి చెప్పెదము. వారి పేరుగాని, వారు పనిచేయు విద్యాసంస్థ పేరుగాని ఇచ్చట అవసరము లేదు. ఆయన తండ్రి ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు షెడ్డులో వెల్డరు. కుమారుడు ఇంటర్మీడియట్ ప్యాసై ఒక విద్యాసంస్థలో అటెండరుగా చేరి, పని చేసికొనుచునే సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా డిగ్రీ పూర్తిచేసెను. పదకొండేండ్ల సర్వీసులో పేరుకు అటెండరే గాని, ఆయన చేసిన పని మరియొకటి.

మన పిల్లల పేర్లు ఉర్దూలో ఒక తీరుగను, తెలుగులో ఒక తీరుగను, ఆంగ్లములో రెండు మూడు తీరులుగను ఉండుట మీరెరుగనిది కాదు. ముహమ్మద్ అను పేరు ఒక కాగితములో పూర్తిగ నుండును, మరియొక దానిలో రెండక్షరముల పొట్టి రూపమై యుండును. షేక్ అనునది ఒకచోట పేరునకు ముందును, ఇంకొకచోట వెనుకను పడును. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఆధారు కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో ఇంకొక పేరు! ఫలితముగా స్కాలర్‌షిప్పు సొమ్ము నిలిచిపోవును. పాస్‌పోర్టు కాగితములు వెనుకకు వచ్చును. ఈ పెద్దమనిషి సాయంకాలములందు పాత అడ్మిషను రిజిస్టర్లు ముందు పెట్టుకొని, తండ్రులు ఉర్దూలో చేసిన సంతకములను చదివి, ఏ విద్యార్థి పేరు ఏ కాగితములో ఎట్లున్నదో సరిచూచు పుస్తకమొకటి తయారుచేసెను. ఎవ్వరును చేయుమనలేదు. ఆ పుస్తకము వలన ఆఫీసు కిటికీ వద్ద పిల్లలు నిలువవలసిన రోజులు తగ్గినవి.

ఇంతలో అదే సంస్థలో జూనియరు అసిస్టెంటు ఉద్యోగము ఖాళీయైనది. ఉన్న సిబ్బందిలో నుండియే ఒకరిని తీసికొందుమని నోటీసు బోర్డుపై కాగితమంటించిరి. మన పెద్దమనిషి ఏడు పంక్తులు వ్రాసెను. తాను బీదవాడనియు, ముగ్గురు పిల్లలు గలవాడనియు, తల్లికి మందులు కొనవలసి యున్నదనియు, పదకొండేండ్లుగా నమ్మకముగా సేవ చేయుచున్నాననియు, దయతలచి తనకు ఆ ఉద్యోగమిప్పించిన జన్మజన్మలకు ఋణపడి యుందుననియు అందలి సారము. చేరి రెండేండ్లే అయిన మరియొక యువకుడు ఒక పుట లేఖ వ్రాసెను. తాను ఏ రిజిస్టరు నిర్వహించుచున్నాడో, ఫీజుల లెక్కలో ఏ పొరపాటును కనిపెట్టి సరిచేసెనో, ఆ ఉద్యోగములో చేరినచో మొదటి మూడు నెలలలో ఏమి చేయునో వరుసగా తెలిపెను. ఉద్యోగము ఆ యువకునకే లభించినది.

ఎంపికైనవాడు అనర్హుడని మేమనము. అతడు తన పనిని చెప్పుకొనెను. మనవాడు తన బీదరికమును చెప్పుకొనెను. కొంతకాలమునకు, ఎంపికలో కూర్చున్న పెద్దలలో ఒకరితో మాటవరుసకు పేర్ల పుస్తకము సంగతి మేము ప్రస్తావింపగా, ఆయన నిర్ఘాంతపోయి, "ఆ పుస్తకము ఆయన చేసినదా? మాకెవ్వరును చెప్పలేదే!" అనిరి. ఆ మాట మమ్ములను ఈనాటికిని బాధించుచున్నది. చెప్పవలసినవాడు చెప్పలేదు. తెలిసికొనవలసినవారు అడుగలేదు.

అందుచేత "నన్నెరుగనివారెవరు?" అను ధైర్యము ఎంతటి మోసకరమైనదో గ్రహింపవలెను. ఎంపిక సంఘములో నలుగురున్నచో, మిమ్ములను నిత్యము చూచువారు ఒక్కరే కావచ్చును. తక్కిన ముగ్గురికి మీరొక కాగితము మాత్రమే. నిత్యము చూచువారైనను మిమ్ములను ఏ రూపములో చూచుచున్నారు? టీ తెచ్చువాడుగను, గంట కొట్టువాడుగను, తాళములు తీయువాడుగను చూచుచున్నారు. పరిచయము మనలను పాత కుర్చీలోనే కూర్చుండబెట్టును. క్రొత్త కుర్చీలో మనమెట్లుందుమో ఊహింపజేయుటకు పరిచయము చాలదు. అందుకు లేఖ కావలెను.

ఇచ్చట మన రెండు భాషల సంగతియు కొంత ఆలోచింపవలసి యున్నది. తెలుగువారము నిత్యము వాడు అర్జీ, దరఖాస్తు, సిఫారసు, ఖాళీ అను మాటలు అరబీ పారసీకములలో పుట్టి, ఉర్దూ వాడుకతో మన కచేరీలలోనికి వచ్చినవే. అర్జీ యనగా విన్నపము. దరఖాస్తు యనగా కోరుకొనుట. ఈ మాటలతోపాటు నవాబుల కాలపు మర్యాదయు మనకు సంక్రమించినది. ఉర్దూలో వ్రాయువాడు తన్ను తాను "ఫిద్వీ" యనుకొనును. తెలుగులో వ్రాయువాడు "తమ పాదసేవకుడు" అనుకొనును. సగము కాగితము ఈ వంగి నిలుచుటకే సరిపోవును. ప్రభువు దయతలచి ఇచ్చు కాలమున ఆ పద్ధతి చెల్లినదేమో! నేడు ఒక సంస్థ తన పని జరుగుటకు తగిన మనిషిని వెదకుకొనుచున్నది. వారికి కావలసినది మన దైన్యము కాదు, మన లెక్క. మన పెద్దలు ఉర్దూలో హిసాబు అందురే, అది. ఏమి చేసితిమి, ఏమి నేర్చితిమి, ఏమి చేయగలము అను హిసాబు.

ఇది క్రొత్త సంగతియు కాదు. ఉర్దూ లేఖలో పొడుగాటి బిరుదులను, అలంకారములను విడిచి, ఎదుట కూర్చున్న మనిషితో మాటాడినట్లు వ్రాయుట మీర్జా గాలిబ్ నేర్పెను. ఆయన లేఖలు 1868, 1869 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడి ఉర్దూ వచనమునకు క్రొత్త దారి చూపినవి. తెలుగున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు తమ జీవితమును వ్రాతభాషను జనులకు దగ్గర చేయుటకే ధారపోసిరి. మేమీ వ్యాసమును పాత ఫక్కిలోనే వ్రాయుచున్నను, దరఖాస్తు లేఖను మాత్రము ఆ మహనీయుల మార్గమున సూటిగా వ్రాయుడని మా సలహా.

గణితమేధావి శ్రీనివాస రామానుజన్ ఉదంతము ఈ సందర్భమున తలచుకొనదగినది. ఆయన 1912 ఫిబ్రవరి 9వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టు చీఫ్ అకౌంటెంటుకు గుమాస్తా ఉద్యోగము కొరకు లేఖ వ్రాసిరి. తాను మెట్రిక్యులేషను ప్యాసై ఎఫ్.ఏ. వరకు చదివితిననియు, అననుకూల పరిస్థితుల వలన చదువు ముందుకు సాగలేదనియు, నాటినుండి గణితమునందే కాలము వినియోగించితిననియు, ఆ ఉద్యోగమునకు న్యాయము చేయగలననియు అందు తెలిపిరి. లోపమును దాచలేదు, దానికై విలపింపను లేదు. ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులొకరి సిఫారసును కూడ జతపరచిరి. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతముపై చేరిరి. మరుసటి సంవత్సరము జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి వ్రాసిన సుప్రసిద్ధ లేఖ మొదటనే, తాను సాలుకు 20 పౌనుల జీతము గల గుమాస్తానని చెప్పుకొనిరి. ఆపైన పుటలకొలది గణితమే. చివర తాను బీదవాడనన్న మాట ఒక్కటి వచ్చును. బీదరికమును ఆయన దాచలేదు గాని, దానిని అర్హతగా చూపలేదు. మన పెద్దమనిషి లేఖలో ఏడు పంక్తులును బీదరికమే! భేదమచ్చట నున్నది.

ఇంకొక ఉదాహరణము. 1482 ప్రాంతమున ఇటలీలో లియొనార్డో డావిన్సీ మిలాను నగర పాలకుడైన లుదొవీకో స్ఫోర్జా కొలువు కోరుచు ఒక లేఖ సిద్ధము చేసెను. నేడు లోకమంతయు ఆయనను చిత్రకారుడుగా నెరుగును. కాని ఆ లేఖలో ముందుగా చెప్పినది సులభముగా మోసికొని పోదగిన వంతెనలు, కోటలను ముట్టడించు సాధనములు, ఫిరంగులు మున్నగువానిని గూర్చి. చిత్రలేఖనము ప్రసక్తి చివరికి గాని రాదు. ఏలయన ఆ పాలకునకు అప్పుడు కావలసినది యుద్ధసాధనములు. మన గొప్పలలో మనకిష్టమైనదానిని గాక, ఎదుటివారి అవసరమునకు సరిపోవుదానిని ముందు చెప్పవలెనని దీనివలన తెలియుచున్నది.

"ప్రభుత్వోద్యోగములలో సీనియారిటీ ఉండగా ఈ లేఖలేల?" అని కొందరడుగవచ్చును. నిజమే. ప్రభుత్వ కార్యాలయములలో సీనియారిటీ జాబితాలును, డిపార్టుమెంటల్ పరీక్షలును కలవు. మన విజయవాడ రైల్వే డివిజనులో ఉన్న ఉద్యోగులకే ప్రత్యేకించిన పోటీ పరీక్షలు జరుగుచుండును. ప్రమోషను పొందుట హక్కు కాకపోయినను, ప్రమోషనుకు పరిశీలింపబడుట రాజ్యాంగము 16వ అధికరణము క్రింద ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టము చేసినది. కాని బెంజి సర్కిలు నుండి ఆటోనగరు వరకు మన పిల్లలు చేరుచున్నది ఎక్కడ? ప్రైవేటు ఆసుపత్రులలో, వాహనముల షోరూములలో, విడిభాగముల దుకాణములలో, ప్రైవేటు కళాశాలలలో. అచ్చట జాబితాలు లేవు, పరీక్షలు లేవు. ఉన్న సిబ్బందిలో నుండి సూపర్‌వైజరును తీసికొనునపుడు, పరిశీలింపబడు అవకాశమును మనము మన చేతితో తెచ్చుకొనవలసినదే. ఆ చేతిలో ఉండదగిన ఏకైక సాధనము లేఖ.

లేఖ ఎట్లుండవలెనో చెప్పక ఉపదేశము చేసి ఊరకొనుట న్యాయము కాదు. ఆ పెద్దమనిషి ఏమి వ్రాసియుండవలసినదో మేమిట్లు ఊహించితిమి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారికి,

విషయము: జూనియరు అసిస్టెంటు ఉద్యోగమునకు దరఖాస్తు.

ఆర్యా,

నోటీసు బోర్డుపై ప్రకటించిన పై ఉద్యోగమునకు దరఖాస్తు చేయుచున్నాను. ఈ సంస్థలో 11 సంవత్సరములుగా అటెండరుగా పనిచేయుచు, ఈ కాలములోనే డిగ్రీ పూర్తిచేసితిని.

విద్యార్థుల పేర్లు వేరువేరు సర్టిఫికెట్లలో వేరువేరుగా ఉండుట వలన కలుగు ఇబ్బందిని గమనించి, అడ్మిషను రిజిస్టర్లతో సరిచూచు పుస్తకమొకటి తయారుచేసితిని. అది ఆఫీసు బీరువాలో నున్నది. తమరు పరిశీలింప ప్రార్థన. ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడింటిని చదివి వ్రాయగలను. కంప్యూటరులో తెలుగు టైపు నేర్చితిని. లెక్కల పనిలో నాకు అనుభవము తక్కువ, దానిని నేర్చుకొనుచున్నాను.

ఈ ఉద్యోగములో చేరినచో, క్రొత్తగా చేరు ప్రతి విద్యార్థి పేరును మొదటి దినముననే మూడు భాషలలో సరిచూచి నమోదు చేయు పద్ధతిని ప్రవేశపెట్టగలను. నా ప్రస్తుతపు పనిని అప్పగించుటకు కావలసిన వివరములు వ్రాసి ఉంచితిని.

ఇట్లు,
భవదీయుడు."

ఇందులో గొప్పలేమైన కలవా? ప్రతి వాక్యమును బీరువా తెరచి చూచి నిర్ధారించుకొనదగినదే. లోపమును కూడ చెప్పినందున తక్కిన మాటలకు విలువ పెరిగినది. తాను లేచిపోయిన కుర్చీ సంగతి ఏమగునని యజమానికి కలుగు సంశయమునకు కూడ సమాధానమున్నది.

మరికొన్ని జాగ్రత్తలు కూడ చెప్పెదము. దరఖాస్తు పెట్టుచున్న సంగతిని ముందుగా మన పైయధికారికి చెప్పవలెను. ఆయన ఇతరుల వలన వినరాదు. ప్రభుత్వ కార్యాలయమైనచో పైయధికారి ద్వారానే పంపవలెను. తోటివారి తప్పులను లేఖలో ఎన్నరాదు. పాత మనస్తాపములకు అది చోటు కాదు. ఒక పుట దాటరాదు. తేదీ వేసి, ఒక నకలు దాచుకొని, అందినట్లు సంతకము తీసికొనవలెను.

ఇక "తన్ను తాను పొగడుకొనుట మన సంస్కారము కాదు" అను ఆక్షేపణ కలదు. దీనిని తేలికగా త్రోసివేయజాలము. అణకువ మన ఇండ్లలో తల్లులు నేర్పిన గుణము. ముఖ్యముగా మన సోదరీమణులు తమ పనిని గూర్చి ఇతరులే చెప్పవలెనని మౌనముగా నుందురు. కాని పొగడుకొనుట వేరు, లెక్క చెప్పుట వేరు. మన డెల్టాలో బందరు కాలువ చివరి భూములలో సేద్యము చేయు రైతు, తన చేనికి నీరందలేదని వచ్చి చెప్పకున్న, ప్రకాశం బ్యారేజి వద్దనున్నవారికి ఎట్లు తెలియును? అతడు వచ్చి ఎన్ని ఎకరములు, ఏ దశలోనున్న పైరు, ఎన్ని దినములుగా ఎండుచున్నది అని చెప్పును. ఎవ్వరును అతనిని డాంబికుడనరు. తన పని లెక్కను తాను చెప్పుకొను ఉద్యోగియు అట్టివాడే.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. "సిఫారసు ఉన్నవానికే ఉద్యోగము, ఈ లేఖలెవరు చదువుదురు?" అని విద్యార్థులు మమ్ములను నిలదీయుచున్నారు. ఇందు సత్యము లేదని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని సిఫారసు లేనివానికి లేఖ తప్ప మరేమున్నది? ఒక్కడు వ్రాసిన బుట్టలో పడవేయవచ్చును. అందరును వ్రాయనారంభించిన చదువక తప్పదు. ఎవరి లేఖలో ఏమున్నదో కాగితముపై నిలిచిపోవును గనుక, అన్యాయము చేయువానికి కొంతయైనను సంకోచము కలుగును.

అయితే ఈ భారమునంతయు వ్రాయువానిపైననే మోపుట ధర్మము కాదు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవులు నాలుగు.

మొదటిది: ఉన్న సిబ్బందితో నింపదలచిన ప్రతి ఖాళీని తేదీతో, చేయవలసిన పని వివరములతో, ఉర్దూ తెలుగులు రెండింటను ప్రకటించి పదిహేను దినముల గడువు ఈయవలెను.

రెండవది: లేఖను ఉర్దూ, తెలుగు, ఆంగ్లములలో దేనిలో వ్రాసినను స్వీకరింపవలెను. 2022లో మన రాష్ట్ర శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికిని రెండవ అధికార భాషగా చేయు చట్టమును ఆమోదించినది. ప్రభుత్వము గుర్తించిన భాషకు, మన కళాశాల ఆఫీసులో స్థానము లేకుండుట భావ్యము కాదు. ఆంగ్లము బాగుగా రాదను కారణమున మంచి పనివాడు వెనుకబడరాదు.

మూడవది: ఎంపికలో ముందుగా లేఖలన్నియు చదివి, అందు చెప్పిన పనిని బీరువా తెరచి చూచి, ఆ పిమ్మటనే ఇతరుల మాట వినవలెను. ఎంపిక కానివానిని పిలిచి, ఏ కారణమున కాలేదో ఒక్క మాట చెప్పవలెను. చెప్పనిచో అతడు మరల కలము పట్టడు.

నాలుగవది: చివరి సంవత్సరపు విద్యార్థులకు వారమునకొక గంట లేఖారచన నేర్పవలెను. సెలవు చీటీ తప్ప మరియొక లేఖ వ్రాయకయే డిగ్రీ పుచ్చుకొని పోవు విద్యార్థులు మనలో ఎందరో కలరు. ఇందుకు క్రొత్త భవనములు అక్కరలేదు. ఒక నల్లబల్ల, ఓపిక గల ఒక మాస్టారు చాలును.

విద్యార్థి మిత్రులారా! ఈనాటినుండియే ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనుడు. మీరు చేసిన ప్రతి మంచి పనిని తేదీతో ఒక్క పంక్తిలో వ్రాసి ఉంచుడు. గ్రంథాలయములో పుస్తకములు సర్దితిరా, వ్రాయుడు. తమ్మునికి దరఖాస్తు నింపిపెట్టితిరా, వ్రాయుడు. అవసరము వచ్చిన దినమున జ్ఞాపకము మనలను మోసగించును; ఆ పుస్తకము మోసగింపదు.

ఆ పెద్దమనిషిని ఇటీవల పటమట రైతుబజారు వద్ద కలిసికొంటిమి. ఇప్పటికిని అటెండరుగానే ఉన్నారు. మరల ఖాళీ వచ్చినచో వ్రాయుదురా యని అడిగితిమి. "చూతము బాబూ" అని నవ్వి ఊరకొనిరి. ఆయన చేసిన పేర్ల పుస్తకము మాత్రము ఆ ఆఫీసులో నేటికిని పనికివచ్చుచున్నదట. క్రొత్త జూనియరు అసిస్టెంటు ప్రతిదినమును దానిని తెరచి చూచుచుండునట. అందు వందలకొలది విద్యార్థుల పేర్లు మూడు భాషలలో సరిగా వ్రాయబడి యున్నవి. వ్రాసినవాని పేరు ఎక్కడను లేదు.